పోస్ట్‌విల్ ఆదాయం లెక్క: ఒక్క ప్లాంటు మీద నిలబడ్డ ఊరు

అమెరికాలోని అయోవా రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న పోస్ట్‌విల్ జనాభా 1990లో 1,472. 2000లో 2,273. 2010లో 2,227. 2020లో 2,503. ఈ నాలుగు అంకెలే చూస్తే ఊరు మొదటి పదేళ్ళలో సగానికి పైగా పెరిగింది, తర్వాతి పదేళ్ళు ఉన్నచోటే ఉంది, ఆ తర్వాత మళ్ళీ కొంచెం పెరిగింది. 2000కీ 2010కీ తేడా 46 మంది. కానీ ఆ పదేళ్ళ మధ్యలోనే ఒక్క పూటలో 389 మందిని అరెస్టు చేశారు. ఊరికి అన్నం పెట్టే మాంసం కంపెనీ దివాలా తీసింది. వందల మంది ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, వాళ్ళ చోట్లోకి వేరే దేశాల వాళ్ళు వచ్చారు. సెన్సస్ పదేళ్ళకోసారి తీసే ఫొటో. మధ్యలో ఇల్లు కూలి, మళ్ళీ కట్టుకున్నా రెండు ఫొటోల్లోనూ ఇల్లు ఉన్నట్టే ఉంటుంది.

ఆదాయం అంకెలు ఇంకా మాయగా ఉంటాయి. ఇలాంటి ఊరికి 'మధ్యగత కుటుంబ ఆదాయం' (ఇళ్ళని ఆదాయం వరసలో పెడితే సరిగ్గా మధ్యన పడే అంకె), 'తలసరి ఆదాయం', 'పేదరిక శాతం' అని మూడు అంకెలు దొరుకుతాయి. వాటిని చూసి ఊరు బాగుందనో, చితికిందనో తేల్చేస్తారు. ఆ మూడింటినీ ఆడించేది ఊరు ఎంత సంపాదిస్తోందన్నది ఒక్కటే కాదు. ఊరి సరిహద్దు గీత లోపల ఎవరు కాపురం ఉంటున్నారు, ఒక్కో ఇంట్లో ఎందరు ఉంటున్నారు, వాళ్ళకు వారానికి ఎన్ని గంటల పని దొరుకుతోంది అన్నవి కూడా ఆడిస్తాయి. అందుకే అంకెల కంటే ముందు ప్లాంటు సంగతి చూడాలి.

ప్లాంటు ఇక్కడికెందుకు వచ్చింది

హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన కొండల నేల ఇది. మొక్కజొన్న, సోయా, పాడి, పందుల పెంపకం. జనం చాలావరకు జర్మన్, నార్వేజియన్ వలసదారుల సంతతి. 1980లలో వ్యవసాయ సంక్షోభం అయోవాను నేలమట్టం చేసింది. రాష్ట్రంలో ఎకరా సగటు ధర 1981లో 2,147 డాలర్లు, 1986లో 787. భూమిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్న రైతుకి అయిదేళ్ళలో తాకట్టు విలువ మూడో వంతుకు పడిపోయిందన్నమాట. రైతు కొనకపోతే ట్రాక్టర్ల డీలరు, ఫర్నిచర్ కొట్టు, బట్టల కొట్టు వరసగా మూతబడతాయి.

ఊళ్ళో హైగ్రేడ్ కంపెనీ నడిపి మూసేసిన మాంసం ప్లాంటు ఒకటి ఖాళీగా ఉండేది. 1987లో దాన్ని న్యూయార్క్ బ్రూక్లిన్‌కు చెందిన మాంసం వ్యాపారి ఆరన్ రూబాష్కిన్ కొని, అగ్రిప్రాసెసర్స్ పేరుతో కోషర్ మాంసం తయారీ మొదలుపెట్టాడు. యూదు మత నియమాల ప్రకారం కోసి శుద్ధి చేసిన మాంసాన్ని కోషర్ అంటారు. తినేవాళ్ళు న్యూయార్క్‌లో ఉంటే కోసేచోటు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో ఎందుకు అంటే, ఆ పాటికే దేశంలోని మాంసం పరిశ్రమంతా అదే దారి పట్టింది. పాత రోజుల్లో పశువుల్ని రైలెక్కించి చికాగో యార్డులకు తోలేవారు. దారి పొడుగునా అవి బరువు తగ్గేవి, కొన్ని చచ్చేవి. 1961లో ఐబీపీ కంపెనీ అయోవాలోనే డెనిసన్ అనే చిన్న ఊళ్ళో ప్లాంటు పెట్టింది. తర్వాత మాంసాన్ని ముక్కలు చేసి పెట్టెల్లో పంపే పద్ధతిని దేశమంతా పాకించింది. చికాగో యార్డు 1971లో మూతపడింది. పశువు దగ్గరికే కత్తి వెళ్ళడంతో రవాణా ఖర్చు తగ్గింది. నగరాల్లోని బలమైన కార్మిక సంఘాల వేతన ఒప్పందాలూ తప్పాయి. రెండో లాభం గురించి కంపెనీలు అంతగా చెప్పుకోవు.

లోపల పని, దానికి కూలి

కోషర్ ప్లాంటుకి మామూలు కబేళా కంటే మనుషులు ఎక్కువ కావాలి. కారణం నియమాల్లోనే ఉంది.

పశువు మెడ కోసేవాణ్ణి షోఖెట్ అంటారు. మత శిక్షణ పొంది, కత్తికి గోరంత గంటు కూడా లేకుండా గోటి మీద పెట్టి చూసుకుంటూ పని చేస్తాడు. కోసిన తర్వాత ఊపిరితిత్తుల్ని చేత్తో తడిమి, ఉబ్బించి, పొరల అతుకులున్నాయేమో చూస్తారు. అతుకుల్లేకుండా నున్నగా ఉంటే 'గ్లాట్'. ఈ పరీక్షలో కోషర్‌గా తేలని పశువు మాంసం మామూలు మార్కెట్టుకి మామూలు ధరకే పోతుంది. తేలినా మొత్తం కోషర్‌గా అమ్ముడుపోదు. తొడనరం, కొన్ని కొవ్వులు తినకూడదు. వెనక భాగం నుంచి వాటిని ఏరి తీయడం బాగా నేర్చినవాడికే వచ్చే, చాలా సమయం పట్టే పని. అమెరికాలో చాలామంది ఆ జోలికి పోకుండా పన్నెండో పక్కటెముక దగ్గర కోసేసి, వెనక భాగాన్ని మామూలు మాంసం వ్యాపారులకు అమ్మేస్తారు. మామూలు మార్కెట్లో ఖరీదైన ముక్కలు ఆ వెనక భాగంలోనే ఉంటాయి కాబట్టి, కోషర్ ప్లాంటు లాభనష్టాలు కోషర్ తినని కొనుగోలుదార్ల ధర మీద కూడా ఆధారపడతాయి.

ముందు భాగాన్ని 72 గంటల్లోగా నీళ్ళలో అరగంట నానబెట్టి, కళ్ళుప్పు అన్ని వైపులా పట్టించి గంటసేపు వాలు బల్ల మీద ఉంచి రక్తం దిగనిచ్చి, మూడుసార్లు కడుగుతారు. కోళ్ళ దగ్గర ఇంకో చిక్కుంది. మామూలు ప్లాంట్లలో కోడిని వేడినీళ్ళలో ముంచితే ఈకలు సులువుగా ఊడతాయి. ఉప్పు పెట్టకముందు వేడి తగలకూడదు కాబట్టి కోషర్ ప్లాంట్లో చన్నీళ్ళతోనే పీకాలి. యంత్రం వదిలేసిన సన్న ఈకలు మనిషి చేత్తో తీయాలి. చలీ, తేమా, ఉప్పూ కలిసి చేతుల్ని ఏం చేస్తాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ శ్రామికులు రెండు వర్గాలు. షోఖెట్లు, మత పర్యవేక్షకులు, వాళ్ళ కుటుంబాలు లుబావిచ్ శాఖ యూదులు. వాళ్ళతోపాటు యూదు పాఠశాల, ప్రార్థనాలయం, కిరాణా కొట్టు ఊళ్ళోకి వచ్చాయి. లైను మీద నిలబడి కోసే, ఎముక తీసే, కడిగే, పెట్టెల్లో సర్దేవాళ్ళు రెండో వర్గం. మొదట తూర్పు యూరప్ వాళ్ళు, తర్వాత మెక్సికన్లు, ఆ తర్వాత ఎక్కువగా గ్వాటెమాలా వాళ్ళు. వాళ్ళలో కొందరికి స్పానిష్ కూడా రెండో భాషే, ఇంట్లో మాట్లాడేది మాయా భాష కక్చికెల్.

కూలి లెక్క చూసేటప్పుడు గంట రేటు ఒక్కటే చూస్తే పొరపాటు. లెక్క కోసం గంటకు 15 డాలర్లు అనుకుందాం. వారానికి 50 గంటలు దొరికితే మొదటి 40 గంటలకు 600, మిగతా పదికి ఒకటిన్నర రెట్ల చొప్పున 225, మొత్తం 825 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను), మెడికేర్ (ముసలివాళ్ళ ప్రభుత్వ వైద్య బీమా) కింద 7.65 శాతం, అంటే 63 డాలర్లు ముందే కట్. ఆదాయపు పన్ను వేరే. అదే మనిషికి 32 గంటలే దొరికితే 480 డాలర్లు. రేటు పైసా తగ్గలేదు, వారం కూలి మాత్రం 42 శాతం పడిపోయింది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి వరకు కోషర్ కోత ఉండదు. శరదృతువులో యూదు పండగలు వరసగా వస్తాయి. ఆ వారాల్లో గంటలు కుదించుకుపోతాయి, అద్దె మాత్రం ఒకటో తేదీకి కట్టాల్సిందే.

ఇంకో చోట కూడా గంటలు జారిపోతాయి. ఇనప జాలీ చేతితొడుగు, ఏప్రాన్, చేయి కవచం వేసుకోవడం, షిఫ్టు చివర విప్పి కడగడం, వాటితో లైను దాకా నడవడం. రోజుకి 12 నిమిషాలైనా 250 రోజులకు 50 గంటలు. 15 డాలర్ల రేటున 750 డాలర్లు, అదంతా ఓవర్‌టైమ్ అయితే 1,125. రక్షణ సామగ్రి వేసుకున్నాక లైనుకి నడిచే సమయానికి కూడా జీతం ఇవ్వాలని 2005లో ఐబీపీ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. చట్టం ఉండటం వేరు, జీతం చీటీలో ఆ నిమిషాలు కనపడటం వేరు.

మొద్దు కత్తి మణికట్టుని తినేస్తుంది. ఒకే కోత వేలసార్లు కోసేవాడికి పదును పెట్టుకునే తీరిక లేకపోతే, ఎక్కువ బలం పెట్టి లాగుతాడు. కొన్ని నెలలకు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు మానేస్తాడు. అందుకే మాంసం ప్లాంట్లకు ఏడాది పొడుగునా కొత్తవాళ్ళు కావాల్సి వస్తుంది. ఊళ్ళో పనివయసు మనుషులు కొద్దిమందే ఉన్న చోట ఆ కొత్తవాళ్ళు బయటి నుంచి రాక తప్పదు. వలస ఈ ఊరి మీద వచ్చి పడిందని చాలామంది అంటారు. అది ఈ పని పద్ధతిలోనే ఇమిడి ఉంది.

2008 మే 12

2008 నాటికి అగ్రిప్రాసెసర్స్ దేశంలోకెల్లా పెద్ద కోషర్ ప్లాంటు. లైను మీద ఉన్నవాళ్ళలో చాలామందికి పని చేసే అనుమతి లేదు. వాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబర్లు దొంగవి, లేదా ఇంకెవరివో. ఆ నంబర్ల మీద కూడా జీతంలో పన్ను కట్ అయ్యేది, యజమాని వాటా జమయ్యేది. పేరు, నంబరు కలవని అలాంటి సొమ్ము సోషల్ సెక్యూరిటీ శాఖ దగ్గర ఒక సస్పెన్స్ ఖాతాలో పడుతుంది. కట్టినవాడికి ముసలితనంలో దాని మీద పింఛను రాదు.

మే 12న వలస అధికారులు హెలికాప్టర్లతో వచ్చి 389 మందిని పట్టుకున్నారు. కోర్టు కార్యకలాపాలు వాటర్లూ పట్టణంలో పశు ప్రదర్శనలు జరిగే మైదానంలో నడిపారు. దాదాపు 300 మందిపై క్రిమినల్ కేసులు పెట్టారు. తక్కువ నేరం ఒప్పుకుంటే 5 నెలల జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపివేత. ఒప్పుకోకపోతే కనీసం 2 ఏళ్ళ శిక్ష పడే సెక్షన్ ఎదురుగా ఉంది. ఎక్కువమంది రోజుల్లోనే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది మేలో సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్‌కి హద్దు గీసింది: నంబరు మరో నిజమైన మనిషిదని నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలి. పోస్ట్‌విల్ వాళ్ళు అప్పటికే శిక్ష అనుభవించేశారు.

పిల్లల్ని చూసుకోవడానికి వదిలిన తల్లుల చీలమండలకు జీపీఎస్ పట్టీలు కట్టారు. వాళ్ళు పని చేయకూడదు, వదిలి వెళ్ళిపోకూడదు. సెయింట్ బ్రిడ్జెట్ కాథలిక్ చర్చి వాళ్ళ అద్దె, తిండి చూసింది. పోయిన జీతాల వెంట ఊరి డబ్బు ఎలా పోయిందంటే, ముందు లాటినో (లాటిన్ అమెరికా వలసదారుల) కొట్లు, వారం తిరిగేసరికి. తర్వాత అద్దె ఇళ్ళ యజమానులు. ఒక ఇంట్లో ముగ్గురు నలుగురు సంపాదించేవాళ్ళు అద్దె పంచుకునేవారు, అలాంటి ఇల్లు ఒక్కటి ఖాళీ అయితే నాలుగు జీతాలు పోయినట్టు. ఆ తర్వాత మునిసిపల్ నీటి ఖాతా. కబేళా వ్యర్థజలం రక్తం, కొవ్వు, ఉప్పుతో చిక్కగా ఉంటుంది, దాన్ని శుద్ధి చేసే ఏర్పాటు ఊరి ఇళ్ళ అవసరానికి ఎన్నో రెట్లు పెద్దది. ప్లాంటు నడిచినా ఆగినా దాని స్థిర ఖర్చు తగ్గదు, కట్టేవాళ్ళు మాత్రం తగ్గుతారు.

కంపెనీ నవంబరులో దివాలా తీసింది. దాన్ని నడిపిన షోలమ్ రూబాష్కిన్‌కి బ్యాంకు మోసం కేసులో 2010లో 27 ఏళ్ళ శిక్ష పడింది. 2017 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ దాన్ని తగ్గించాడు. మధ్యలో లైను నడపడానికి సోమాలీ శరణార్థుల్ని, వీసా లేకుండానే అమెరికాలో పనిచేసే హక్కున్న పసిఫిక్ ద్వీపదేశం పలావ్ వాళ్ళని రప్పించారు. మంచు ఎన్నడూ చూసి ఎరగని దీవుల మనుషులు అయోవా చలికాలానికి వచ్చి పడ్డారు. 2009లో కెనడా వ్యాపారి హెర్షీ ఫ్రీడ్‌మన్ ప్లాంటు కొని అగ్రి స్టార్ అని పేరు పెట్టి మళ్ళీ నడిపాడు.

పది ఇళ్ళ లెక్క

ఇలాంటి ఊరి అంకెలు ఎలా పుడతాయో చూడ్డానికి పది ఇళ్ళ ఊహా వీధి ఒకటి వేసుకుందాం. ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళు 3, ఒక్కొక్కరికి ఏడాదికి 22,000 డాలర్ల పింఛను. ముసలి దంపతుల ఇళ్ళు 2, ఒక్కో ఇంటికి 40,000. ప్లాంటు కుటుంబాలు 3, ఇంటికి ఆరుగురు, ఇద్దరి సంపాదన కలిపి 70,000. షోఖెట్ ఇల్లు 1, ఎనిమిది మంది, 90,000. టీచరు, నర్సు దంపతుల ఇల్లు 1, నలుగురు, 1,10,000.

మొత్తం 5,56,000 డాలర్లు, 37 మంది. ఆదాయాల వరసలో మధ్యన పడేవి 40,000, 70,000. వాటి సగటు 55,000 మధ్యగత కుటుంబ ఆదాయం. తలసరి మాత్రం 15,000 దగ్గరే. మొదటి అంకె చూసినవాడు ఫరవాలేదంటాడు, రెండోది చూసినవాడు నిరుపేద ఊరంటాడు. ఇద్దరూ చూసింది ఒకే వీధి. 2024 సమాఖ్య పేదరిక ప్రమాణం ఒంటరికి 15,060 డాలర్లు, తర్వాత ఒక్కో మనిషికి 5,380 కలపాలి. ఆరుగురికి 41,960. ఈ వీధిలో గీత కింద ఒక్కరూ లేరు.

ఇప్పుడు మూడు ప్లాంటు ఇళ్ళలోనూ ఒక్కో సంపాదనపరుణ్ణి తీసేయండి, మనుషుల్ని మాత్రం ఉంచండి. 70,000 కాస్తా 35,000 అవుతుంది. మధ్యగత ఆదాయం 55,000 నుంచి 35,000కి దిగుతుంది. 37 మందిలో 18 మంది, అంటే దాదాపు సగం, పేదరిక గీత కిందికి పోతారు. పోయినవి మూడు ఉద్యోగాలే. ఆ ఇద్దరిలో ఒకరైనా పనిలో ఉన్నంతకాలం ఇల్లు గడుస్తుంది గానీ, స్వదేశంలో ఉన్న తల్లిదండ్రులకు పంపే డబ్బు ముందు ఆగుతుంది. ఆ కోత అమెరికా లెక్కల్లో ఎక్కడా కనపడదు, గ్వాటెమాలా పల్లెలో కనపడుతుంది.

రైతు ఈ వీధిలో లేడని గమనించే ఉంటారు. అతని ఇల్లు పొలంలో, ఊరి గీత బయట ఉంటుంది. అతని ఆదాయం కౌంటీ (మన జిల్లా లాంటిది) లెక్కలోకి పోతుంది, ఊరి లెక్కలోకి రాదు. పోస్ట్‌విల్ అయితే అలమకీ, క్లేటన్ అనే రెండు కౌంటీల సరిహద్దు మీద కూర్చుంది, కాబట్టి ఏ ఒక్క కౌంటీ లెక్కా ఊరికి సరిపోదు. పైగా రైతు ఆదాయం అన్నదే జారుడు అంకె. 600 ఎకరాలు, ఎకరాకి 200 బుషెళ్ళ మొక్కజొన్న అనుకుంటే (బుషెల్ అంటే 25.4 కిలోలు, కాబట్టి ఎకరాకి సుమారు 51 క్వింటాళ్ళు), బుషెల్ ధర ఒక్క డాలరు మారితే 1,20,000 డాలర్ల తేడా. 2022లో 7 డాలర్లకు అటూఇటూ ఉన్న ధర 2024కి 4 దగ్గరికి వచ్చింది. కౌలు మాత్రం అంత తొందరగా దిగదు, 2024లో అయోవా సగటు కౌలు ఎకరాకి 279 డాలర్లు. ఆ కౌలు అందుకునేది చాలాసార్లు పొలం వదిలి నగరాల్లో స్థిరపడ్డ వారసులు. మంచి ఏడాది రైతు కొత్త కంబైన్ కోత యంత్రం కొని దాని తరుగుదలని పన్ను లెక్కలో ఒకేసారి చూపిస్తే, కాగితం మీద ఆదాయం సున్నాకి దగ్గరవుతుంది. అతని ఇంటి ముందున్న యంత్రం ధర మాత్రం లక్షల్లో ఉంటుంది.

ముసలివాళ్ళ డబ్బే అన్నిటికన్నా నిలకడ. సోషల్ సెక్యూరిటీ సొమ్ము పుట్టినతేదీని బట్టి నెలలో రెండో, మూడో, నాలుగో బుధవారం ఖాతాలో పడుతుంది. ప్లాంటు మూతపడ్డ నెలలో కూడా పడుతుంది. మందుల కొట్టుకీ కెఫేకీ ఆ బుధవారాలే ఆసరా.

బడికి వచ్చే డబ్బు పిల్లల తలల లెక్కన వస్తుంది. అయోవాలో అక్టోబరు 1న హాజరు పట్టీలో ఉన్న సంఖ్యే తర్వాతి ఏడాది బడ్జెట్‌కి ఆధారం. 2024–25కి తలకి 7,826 డాలర్లు. సెప్టెంబరులో 30 మంది పిల్లలు ఊరు వదిలితే, మరుసటి ఏడాది 2,34,780 డాలర్లు తగ్గుతాయి. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది, అదీ పోతుంది.

ఆసుపత్రి కావాలంటే పక్క పట్టణం వాకాన్ వెళ్ళాలి. ఇలాంటి పల్లె ఆసుపత్రులు 'క్రిటికల్ యాక్సెస్' హోదాతో నడుస్తాయి: 25 పడకలకు మించకూడదు, సగటు రోగి 96 గంటలకు మించి ఉండకూడదు, అందుకు బదులుగా మెడికేర్ వాటి ఖర్చు మీద 101 శాతం లెక్కన చెల్లిస్తుంది. డాక్టర్లు దొరకని ప్రాంతాల్లో మూడేళ్ళు పనిచేస్తే శిక్షణకు జే-1 వీసా మీద వచ్చిన డాక్టర్లకు స్వదేశం తిరిగి వెళ్ళే షరతు మాఫీ అవుతుంది, రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి. అమెరికా పల్లెల్లో తెలుగు డాక్టర్లు కనిపించడానికి ఒక కారణం ఈ 30 సీట్లే.

అంకె పక్కన ఉన్న అంకె

చిన్న ఊళ్ళ ఆదాయం అంకెలు ఇప్పుడు సెన్సస్ నుంచి రావడం లేదు, అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి వస్తున్నాయి. 65,000కి పైగా జనమున్న చోటికే ఏడాది అంచనా ఇస్తారు. పోస్ట్‌విల్ లాంటివాటికి అయిదేళ్ళ నమూనా కలిపి ఒక అంచనా వేస్తారు. పక్కనే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంచనా అటూఇటూ ఎంత తప్పవచ్చో చెప్పే అంకె) ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. ఉదాహరణకి 52,000 పక్కన 11,000 అని ఉందనుకోండి. అంటే 41,000 నుంచి 63,000 దాకా ఎక్కడైనా నిజం ఉండొచ్చు. నిరుటి అంకె కంటే 4,000 పెరిగిందని వార్త రాసేవాళ్ళు ఇది చూసుకోవాలి. 2018–22, 2019–23 అంచనాల్ని పోల్చడం ఇంకా అర్థం లేని పని, రెండింటిలో నాలుగేళ్ళు ఒకటే.

ప్లాంటు మీద ఆధారపడ్డ ఊరికి ఏదైనా జరుగుతుంటే ముందు తెలిసేది వారం గంటల్లో. ఆ తర్వాత ఖాళీ అద్దె ఇళ్ళలో, ఆ తర్వాత అక్టోబరు 1 బడి పట్టీలో. సర్వే అంకె అందరికంటే ఆఖర్న వస్తుంది. ఈ సర్వే మొట్టమొదటి అయిదేళ్ళ అంచనా 2005 జనవరి నుంచి 2009 డిసెంబరు దాకా ఉన్న 60 నెలలది, 2010 చివర్లో వచ్చింది. పోస్ట్‌విల్‌కి సంబంధించి అందులో 40 నెలలు దాడికి ముందువి, 20 తర్వాతివి. రెండు వేర్వేరు ఊళ్ళని కలిపి తీసిన అంకె అది.